నెల్లూరులో పిల్లలను మానసిక చికిత్సకు చేర్పించే తల్లిదండ్రులకు హెచ్చరిక

మాది కావలి. మా పాపకు పదహారేళ్లు, నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేది. దసరా సెలవులకు వచ్చి మళ్లీ వెళ్లనంది. అన్నం సగానికి తగ్గింది, నిద్ర లేదు, పలకరిస్తే ఏడుపు. ఎవరో చెబితే నెల్లూరులోని ఒక ప్రైవేటు మానసిక చికిత్సా కేంద్రానికి తీసుకెళ్లాను. దాని పేరు రాస్తే పాప ఎవరో తెలిసిపోతుంది కాబట్టి రాయడం లేదు.

అక్కడి డాక్టరు పాపతో పది నిమిషాలైనా మాట్లాడలేదు. 21 రోజులు ఉంచాలని, తల్లి దగ్గరుంటే పిల్లలు మొండికేస్తారని, వారం వరకు చూడడానికి రావద్దని చెప్పి నలభై వేలు ముందే కట్టించుకున్నారు. నాలుగో రోజు ఉండబట్టలేక వెళ్లి, గట్టిగా అడిగితే లోపలికి పంపారు. నా వయసు ఆడవాళ్లున్న వార్డులో ఒక మూల మంచం మీద మత్తుగా పడుకుని ఉంది. నన్ను చూసి "నేనేం తప్పు చేశానమ్మా?" అంది. ఏ మందులు ఇస్తున్నారో చెప్పమంటే చీటీ కూడా చూపించలేదు. ఆ సాయంత్రమే తీసుకొచ్చేశాను. 21 రోజులు కాకుండా పంపడం కుదరదని నాతో రెండు గంటలు వాదించారు.

కుదరదన్న ఆ మాట అబద్ధమని తరువాత తెలిసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 87వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలను చేర్చుకోవాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, వారిలో ఒకరైనా మానసిక వైద్యుడై ఉండాలి. ఇంటి దగ్గర ఉంచి చేసే వైద్యం పనిచేయలేదని, లేదా పనికిరాదని తేలాలి. పిల్లలను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు. తల్లిదండ్రులో, వారు నియమించినవారో చికిత్స జరిగినన్ని రోజులూ దగ్గరుండాలి. తల్లిదండ్రులు డిశ్చార్జి అడిగితే పంపించాలి. చేర్చుకున్న సంగతి 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలియజేయాలి. నాకు ఇందులో ఒక్కటీ జరగలేదు. మిమ్మల్ని బయట ఉండమన్నారంటే అక్కడ చేర్పించకండి.

తరువాత నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించాం. అక్కడి డాక్టరమ్మ పాపతో ఒంటరిగా ముప్పావు గంట మాట్లాడారు. ఇది కుంగుబాటు, చేర్పించనక్కరలేదు, వారానికొకసారి తీసుకురండి అన్నారు. ఒక మాత్ర, కౌన్సెలింగ్, హాస్టల్ మాన్పించి కావలిలోనే కాలేజీ. ఇంట్లో పురుగుమందులు, మాత్రలు తాళం వేసి ఉంచమన్నారు. పొలం ఉన్న ప్రతి ఇంట్లో ఇది ముందు చేయవలసిన పని. రెండు నెలలైంది. పూర్తిగా తేరుకుందని చెప్పను కానీ, చెల్లెలితో కలిసి కూర్చుని అన్నం తింటోంది.

చేర్పించడం ఎప్పుడూ తప్పని నేను అనడం లేదు. బిడ్డ ప్రాణం తీసుకోబోయినా, తిండి నీళ్లు పూర్తిగా మానేసినా, ఎవరూ లేనివాళ్లతో మాట్లాడుతూ తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసేలా ఉన్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం చేయాలో తోచనప్పుడు 14416కు ఫోను చేయండి. అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నాకు ఆ నంబరు ముందే తెలిసి ఉంటే పాపకు ఆ నాలుగు రోజులు ఉండేవి కావు.

డబ్బు ఇంకా తిరిగి ఇవ్వలేదు. రసీదులో "గది, చికిత్స" అని రాసి మొత్తం ఒక్కటే వేశారు, రోజుకెంతో లేదు. మీరు ఎక్కడ చేర్పించినా రోజువారీ లెక్క, మందుల పేర్లు రాయించుకున్నాకే డబ్బు కట్టండి.