లబ్బీపేట పార్లర్‌లో డిస్కో ముస్తాబు: జుట్టు బాగుంది, గౌను బాగాలేదు

మా డిగ్రీ పూర్వ విద్యార్థుల సమ్మేళనానికి ఈసారి అందరూ 1970ల నాటి డిస్కో నాట్యాల కాలపు వేషంలో రావాలని నిర్ణయించారు. జుట్టు, మేకప్, అద్దె దుస్తులు ఒకేచోట దొరుకుతాయన్న ప్రకటన చూసి విజయవాడ లబ్బీపేటలోని ఒక బ్యూటీ పార్లర్‌కు వెళ్లాను. జుట్టుకూ మేకప్‌కూ కలిపి 3,500 రూపాయలు, దుస్తుల అద్దె 1,200, తిరిగి ఇచ్చే డిపాజిట్టు 2,000 తీసుకున్నారు. పేరు చెప్పి వారి గిరాకీ చెడగొట్టడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అక్కడ జుట్టు పని చేసే అమ్మాయి నిజంగా పనిమంతురాలు.

తలకు నూనె పెట్టవద్దనీ, తలస్నానం ముందురోజే చేసి రమ్మనీ ఆమె ఫోనులోనే చెప్పింది. అప్పుడే కడిగిన జుట్టు జారిపోయి పిన్నులు నిలవవని నాకు తరువాత తెలిసింది. నేను అడిగినది 1976 ప్రాంతంలో అమెరికా టీవీ నటి ఫారా ఫాసెట్ వల్ల ప్రపంచమంతా పాకిన ఫెదర్ స్టైలు, అంటే ముఖానికి రెండు వైపులా జుట్టు పక్షి ఈకల్లా వెనక్కి విచ్చుకొని ఉండే తీరు. దానికి లేయర్లుగా కత్తిరించాలి, కానీ ఒక్క సాయంత్రం కోసం నడుము దాకా ఉన్న జడను వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఆమె వాదించకుండా ముందరి పాయలను మాత్రం గుండ్రటి బ్రష్షుతో ముఖానికి దూరంగా తిప్పుతూ ఆరబెట్టి, రోలర్లు చుట్టి, మిగిలిన పొడవునంతా మెడ దగ్గర లోపలికి మడిచి పిన్నులు పెట్టి, భుజాల వరకే ఉన్నట్టు కనిపించేలా చేసింది. రోలర్లను పూర్తిగా చల్లారేవరకు తీయలేదు. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊరి చెమ్మగాలికి వేడి మీద విప్పిన ఉంగరాలు అరగంటలో జారిపోతాయి కనుక ఈ ఓపికకే సగం డబ్బు ఇవ్వవచ్చు. స్ప్రే కూడా పొదుపుగా కొట్టింది. రాత్రి ఎంత ఎగిరినా తల విదిలిస్తే అలలు మళ్లీ తమ చోటికే వచ్చాయి. డిస్కో అలంకరణ ఫొటోకు నిలబడేవారికి కాక నాట్యం చేసేవారికి పుట్టినదని ఆ పార్లర్‌లో అర్థం చేసుకున్నది ఆమె ఒక్కతే అనిపించింది.

మేకప్ సగం వరకే నచ్చింది. 1970లలో న్యూయార్కులో పేరు మోసిన మేకప్ కళాకారుడు వే బాండీ వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో బ్లష్‌ను బుగ్గ మీద గుండ్రంగా అద్దకుండా, బుగ్గ ఎముక మీదుగా కణత వరకు లాగారు, పెదవులకు తడి మెరుపునిచ్చే లిప్‌గ్లాస్ వేశారు. అంతవరకు సరే. కానీ ఫౌండేషన్ నా మెడ రంగు కంటే రెండు మెట్లు తెల్లగా వేయడం మన పార్లర్ల పాత జబ్బు, రంగుల లైట్ల కింద ముఖం బూడిద పూసినట్టు తేలింది. అంతకంటే పెద్ద తప్పు కనురెప్పల మీద మెరుపులది. వారు తీసిన డబ్బా బడిపిల్లల చేతిపనులకు ఫ్యాన్సీ షాపులో అమ్మే గ్లిట్టరు. అంచులు పదునుగా ఉండే ఆ రేణువులు కంటిలో పడితే నల్లగుడ్డు గీసుకుపోతుంది. నేను వద్దంటే మెరిసే నీలం ఐషాడోతో సరిపెట్టారు, నిజానికి అప్పటి వారు ఎక్కువగా వాడినదీ అలాంటిదే.

దుస్తుల గది చూస్తే మాత్రం నవ్వు వచ్చింది. భుజాల ప్యాడ్లున్న కోట్లు, పిక్కలకు తొడిగే లెగ్‌వార్మర్లు, మిరపపండు రంగు తలపట్టీలు, అన్నీ 1980లలోనివి. ఇందులో వారి తప్పు కొంతే. అమెరికాలో డిస్కో అంటే గిట్టనివారు చికాగోలో బేస్‌బాల్ మైదానంలో ఆ పాటల రికార్డులను పేల్చివేసింది 1979 జూలైలో అయితే, మనకు డిస్కో అన్న మాట ఇంటింటా తెలిసింది 1982లో హిందీ 'డిస్కో డాన్సర్', 1984లో దాన్ని తెలుగులో బాలకృష్ణతో తీసిన 'డిస్కో కింగ్' వచ్చాకే. చివరకు నాకిచ్చినది చమ్కీలు కుట్టిన నెట్ గౌను. కూర్చుంటే గుచ్చుకుంటుంది, చెయ్యెత్తితే చంక దగ్గర పట్టేస్తుంది. ఆ కాలపు అమెరికా డిజైనర్ హాల్‌స్టన్ గౌన్లు గానీ, 1974లో మరో డిజైనర్ డయాన్ వాన్ ఫర్‌స్టెన్‌బర్గ్ తెచ్చిన, జిప్పూ గుండీలూ లేకుండా నడుముకు చుట్టి ముడివేసే ర్యాప్ డ్రెస్ గానీ ఒంటి మీద జారే మెత్తని బట్టతో చేసినవి. మా స్నేహితురాలు వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్టులో సాగే మెరుపుబట్ట కొని, తన దర్జీ చేత అటువంటిదే కుట్టించుకుంది. ఖర్చు నా అద్దెకు అటూ ఇటుగా అయింది, పైగా గౌను ఆమెకే మిగిలింది. అదే పార్లర్ నుంచి తెల్లటి పాలియెస్టర్ బెల్‌బాటం సూటు తెచ్చుకున్న మా క్లాస్‌మేట్ పది నిమిషాల్లో కోటు విప్పేశాడు, ఆ బట్ట చెమట పీల్చదు.

మరునాడు గౌను తిరిగి ఇస్తే, చమ్కీలు రాలాయని డిపాజిట్టులో 300 రూపాయలు కోసుకున్నారు. తొడుక్కునేటప్పుడే అవి వారి గచ్చు మీద రాలుతున్నాయి, నేను ఫొటో తీసి పెట్టుకోలేదు.