ఓవర్‌డ్రానా, కార్బన్ బాణమా?

1969లో హోలెస్ విల్బర్ ఆలెన్‌కు కాంపౌండ్ విల్లుపై, అంటే కొసల్లో కప్పీలు ఉండే విల్లుపై, పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత విలుకాళ్లకు స్పీడు పిచ్చి పట్టుకుంది. 1980లలో అందుకు బాగా నడిచిన చిట్కా ఓవర్‌డ్రా. బాణం ఆనే చోటును పిడి నుంచి వెనక్కి, మణికట్టు వైపు జరిపే చిన్న పలక అది. దాంతో పొట్టి అల్యూమినియం బాణం సరిపోతుంది. పొట్టిదైతే బరువు తక్కువ, వంగడమూ తక్కువ.

చెప్పుకోడానికి బాగానే ఉంది. తంటా అంతా చేతిలోనే. పిడి పట్టు కాస్త మెలి తిరిగినా, ఆనే చోటు వెనక్కి ఉండటంతో ఆ తేడా బాణం మీద ఇంకా గట్టిగా పడుతుంది. పైగా పూర్తిగా లాగినప్పుడు పదునైన వేట మొన వేళ్లు దాటి మణికట్టు మీదికి వచ్చేస్తుంది. జారిందా, చెయ్యి తెగినట్టే. దాన్ని వద్దనడానికి నాకైతే ఈ ఒక్క కారణం చాలు.

కార్బన్ బాణం పూర్తి పొడవులోనే తేలికదనం, బిగువు రెండూ ఇచ్చింది. విల్లు జోలికి పోనక్కర్లేదు. తొలినాళ్ల సన్నని రకాలకు మొనను పైనుంచి తొడగాల్సి రావడం చిరాకే. దెబ్బ తిన్న అల్యూమినియం వంకర కంటికి కనబడుతుంది; కార్బన్ చీలిక దాక్కుంటుంది, అందుకే వేసే ముందు వంచి చూడాలి. అయినా నిలిచింది కార్బనే. వేట విళ్ల మీద ఓవర్‌డ్రా ఇప్పుడు దాదాపు కనబడదు.