మా 1969 జీటీవోలో రోలర్ క్యామ్: కొన్ని వేసవుల వాడకం తర్వాత

అమెరికాలో పాంటియాక్ కంపెనీ చేసిన జీటీవో కారు గొప్పతనం గురించీ, అందులోని 400 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజన్ లెక్కల గురించీ మళ్ళీ మొదటినుంచి చెప్పబోవడం లేదు. ఈ కార్లంటే ఇష్టమున్నవాళ్ళకి అవన్నీ నోటికొచ్చు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే విషయం: ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌షాఫ్ట్ తీసేసి హైడ్రాలిక్ రోలర్ క్యామ్ వేయించుకోవడం. ఈ ఇంజన్ మీద పెట్టిన ఖర్చంతటిలో ఒక్క పైసా కూడా దండగ అనిపించనిది నాకు అదే. క్యామ్‌షాఫ్ట్ అంటే తిరుగుతూ వాల్వుల్ని తెరిచే ఇరుసు. దాని మీది ఉబ్బులు లోబులు, ఒక్కో లోబు మీద ఆని పైకి లేచే ముక్క ట్యాపెట్. ఫ్లాట్ ట్యాపెట్ అడుగు లోబు మీద రాసుకుంటుంది, రోలర్ ట్యాపెట్ అడుగున చిన్న చక్రం దొర్లుతుంది.

మేముండేది మిషిగన్‌లో. డెట్రాయిట్ నుంచి పాంటియాక్ ఊరిదాకా పోయే వుడ్‌వర్డ్ ఎవెన్యూ మా ఇంటికి దగ్గరే. ఈ ఇంజన్ తయారైంది కూడా ఆ పాంటియాక్ ఊళ్ళోనే. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కారు గరాజ్ దాటదు. మిగతా నెలల్లో సాయంత్రాలూ వారాంతాలూ రోడ్డు మీద తిప్పుతాను, వీలున్నప్పుడల్లా మైలన్‌లోని క్వార్టర్ మైలు డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే తిన్నటి పరుగు పందేల బాటకి, తీసుకెళ్తాను. ట్రైలర్ లేదు. నడుపుకుంటూ వెళ్ళాలి, పరుగులు తీయాలి, మళ్ళీ నడుపుకుంటూ ఇంటికి చేరాలి. ఇంజన్ విషయంలో నా నిర్ణయాలన్నీ ఈ షరతు చుట్టూనే తిరిగాయి.

మొదటిసారి ఇంజన్ దించినప్పుడు పని చేసింది ఈ చుట్టుపక్కల మంచి పేరున్న మెషిన్ షాపే. సిలిండర్లని 0.030 అంగుళం వెడల్పు చేస్తూ బోరు కొట్టారు, కొత్త పిస్టన్లు వేశారు. పాంటియాక్ వాళ్ళ పోత రాడ్లను ఎక్కువ ఆర్‌పీఎంలో ఎవరూ నమ్మరు కాబట్టి వాటి బదులు ఫోర్జ్‌డ్ రాడ్లు వేశారు. క్యామ్ మాత్రం పాంటియాక్ ఫ్యాక్టరీ 068 నంబరు క్యామ్ కొలతలతో కొత్తగా చేసిన ఫ్లాట్ ట్యాపెట్. బ్రేక్-ఇన్, అంటే కొత్త ముక్కలు ఒకదానికొకటి సర్దుకునేలా మొదటిసారి నడపడం, కూడా పద్ధతిగానే జరిగింది. లోబులకీ ట్యాపెట్లకీ మాలిబ్డినం పేస్టు పూశారు, జింక్ ఎక్కువున్న ఆయిల్ పోశారు, స్టార్టయ్యాక ఐడిల్‌కి వదలకుండా 2,000 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య అరగంట నడిపారు. ఆ వేసవంతా ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదు. అప్పట్లో అడిగినవాళ్ళందరికీ ఫ్లాట్ ట్యాపెట్టే చాలు, రోలర్‌కి అంత డబ్బు ఎందుకని చెప్పాను కూడా.

మరుసటి ఏడాది చలికాలం పోయి కారు బయటికి తీశాక, ఇంజన్ ఎడమ వైపు సిలిండర్ల వరస నుంచి సన్నగా టిక్ టిక్ మొదలైంది. వేడెక్కితే తగ్గేది. అలా ఆగస్టు వచ్చింది. వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ సంగతి ఇక్కడివాళ్ళకి తెలిసిందే. 1995లో మొదలైంది, ఏటా ఆగస్టు మూడో శనివారం జరుగుతుంది. పాత కార్లు గంటల తరబడి నడక వేగంతో కదులుతుంటాయి. క్యామ్ లోబుల మీదికి ఆయిల్ పడేది చాలావరకు క్రాంక్ తిరుగుతూ చిమ్మితేనే. ఐడిల్‌లో ఆ చిమ్మడం తక్కువ. ఆ సాయంత్రానికల్లా టిక్ టిక్ కాస్తా టకటకగా మారింది. పెడల్ నొక్కితే కార్బ్యురేటర్లోంచి టప్పుమని వెనక్కి పేలడం మొదలైంది.

ఇలా పేలితే ఇక్కడ అందరూ ముందు కార్బ్యురేటర్‌నీ, తర్వాత టైమింగ్‌నీ అనుమానిస్తారు. నేను శబ్దం రికార్డు చేసి మా బాబాయికి పంపాను. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు దించిన మనిషి. జీటీవోని కంటితో కూడా చూడలేదు. ఫోన్ చేసి, "ఇది ట్యాపెట్ సెట్టింగు కాదురా. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా తెరుచుకోవట్లేదు. కాలిన గ్యాసు పోవడానికి దారి లేక, ఇన్‌టేక్ తెరుచుకోగానే వెనక్కి తంతోంది. క్యామ్ తినేసుంటది, కవర్ ఊడదీసి చూడు" అన్నాడు.

ఊడదీసి డయల్ గేజ్ పెట్టాను. మిగతా పుష్‌రాడ్లు (ట్యాపెట్ కదలికని పైన వాల్వు వైపు అందించే కడ్డీలు) 0.27 అంగుళం లేస్తుంటే, 5వ సిలిండర్ ఎగ్జాస్ట్ పుష్‌రాడ్ 0.18 దగ్గరే ఆగిపోయింది. ఆయిల్ ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పితే నిండా మెరిసే ఇనప పొడి. ఇన్‌టేక్ మానిఫోల్డ్, దాని కింద వ్యాలీ పాన్ అనే రేకు మూత తీశాక ఆ ట్యాపెట్ చేతికొచ్చింది. అడుగు గిన్నెలా గుంటపడి ఉంది. లోబు ముక్కు అరిగి గుండ్రమైపోయింది.

క్యామ్ పోతే క్యామ్ మార్చుకోవచ్చు. నన్ను కుంగదీసింది ఆ పొడి. ఇంజన్ అడుగున ఉండే పాన్‌లోని ఆయిల్, ఫిల్టర్ కన్నా ముందు పంపులోకి వెళ్తుంది కాబట్టి పంపు గేర్లు గీసుకుపోయాయి. మెయిన్ బేరింగుల్లో చారలు, రాడ్ బేరింగుల్లో ఇనప రేణువులు గుచ్చుకుని ఉన్నాయి. ఏడాది కిందటే కొత్తగా కట్టిన ఇంజన్‌ని మళ్ళీ పూర్తిగా విప్పి, బ్లాకులోని ఆయిల్ గ్యాలరీ ప్లగ్గులన్నీ పీకి, వేడి ట్యాంకులో కడిగించాల్సి వచ్చింది.

కారణం కూడా దొరికింది. ఫ్లాట్ ట్యాపెట్ అని పేరే కానీ దాని అడుగు చదునుగా ఉండకూడదు. మధ్యలో అంగుళంలో వెయ్యో వంతు నుంచి రెండు వెయ్యో వంతుల మేర ఉబ్బెత్తుగా ఉంటుంది. లోబు కూడా ఒక పక్కకి కొద్దిగా వాలుగా చెక్కి ఉంటుంది. ఈ రెండూ కలిస్తేనే ట్యాపెట్ తన బోరులో గిర్రున తిరుగుతుంది. తిరగడం ఆగితే ఒకే చోట రాసుకుని లోబుని తినేస్తుంది. కొత్త ట్యాపెట్లు రెండు తీసుకుని అడుగూ అడుగూ ఆనిస్తే, అవి ఒకదాని మీద ఒకటి కొంచెం ఊగాలి. నా స్నేహితుడొకరు అదే కంపెనీ ట్యాపెట్లు అదే సమయంలో కొని, ఇంకా వాడకుండా పెట్టుకున్నాడు. ఆ డబ్బా విప్పి చూస్తే చాలా జతలు ఊగలేదు. అద్దం మీద అద్దం పెట్టినట్టే అతుక్కున్నాయి. కంపెనీ పేరు రాయను. ట్యాపెట్ల ధర వెనక్కిచ్చారు, బేరింగులూ క్రాంకూ మెషిన్ షాపు కూలీ నా నెత్తినే పడ్డాయి.

దీనికి తోడు ఆయిల్ సంగతొకటి ఉంది. జీటీవో కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ బంకులో కొన్న ఆయిల్ అయినా ఫ్లాట్ ట్యాపెట్లని ఎలాగోలా కాపాడేది. తర్వాత క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకుండా అరుగుదలని ఆపే జింక్-ఫాస్ఫరస్ పాళ్ళు తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌ఎం ప్రమాణం 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్లలో ఫాస్ఫరస్‌ని 0.08 శాతం దాటనివ్వలేదు. పాత ఇంజన్ ఉన్నవాళ్ళు ప్రత్యేకమైన ఆయిల్ వెతుక్కోవాలి, ట్యాపెట్లు కొలిచి చూసుకోవాలి, ఆర్నెల్లు ఆగిన ఇంజన్‌ని స్టార్ట్ చేసే ముందు భయపడాలి. నాకిక ఆ భయం వద్దనిపించింది.

క్రాంక్ ఎలాగూ మార్చాలి కాబట్టి రెండోసారి 4.25 అంగుళాల స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్నది వేయించాను. బోరు 4.155కి వెళ్ళింది. మొత్తం 461 క్యూబిక్ అంగుళాలు. 62 నంబరు ఇనప హెడ్లు ఉంచేశాను. వాటి చిన్న చాంబర్లకి ఫ్లాట్ పిస్టన్ వేస్తే కంప్రెషన్ పెరిగిపోయి పంపు పెట్రోల్‌తో నడవదు కాబట్టి పైన గుంట ఉన్న డిష్ పిస్టన్లతో కంప్రెషన్ 9.5 దగ్గర ఆపారు. ఇక్కడ 93 ఆక్టేన్ దొరుకుతుంది, నాక్ లేదు. వెనక మెయిన్ సీల్ కొత్తది వేశారు, అయినా కాస్త చెమరుస్తుంది. పాంటియాక్ కదా, ఆ సీలు కారడం మామూలే.

ఇక క్యామ్. ట్యాపెట్ 0.050 అంగుళం లేచిన చోట కొలిస్తే వాల్వు తెరిచి ఉండే కోణం ఇన్‌టేక్‌కి 230, ఎగ్జాస్ట్‌కి 236 డిగ్రీలు, ఆ రెండు లోబుల శిఖరాల మధ్య ఎడం 112. ఇక్కడ పాంటియాక్ ఇంజనీర్లకి దణ్ణం పెట్టాలి. క్యామ్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ ప్లేటు ఈ బ్లాకులో ఫ్యాక్టరీ నుంచే ఉంది. స్మాల్ బ్లాక్ షెవీ (షెవ్రొలే) ఇంజన్ వాళ్ళలా రోలర్ వేసేటప్పుడు క్యామ్‌ని ముందునుంచి ఆపే బటన్ కోసం తంటాలు పడక్కర్లేదు. రోలర్ ట్యాపెట్లు తిరగకూడదు కాబట్టి రెండేసి కలిపి లింక్ బార్‌తో వస్తాయి. పొడవు ఎక్కువ కావడంతో పుష్‌రాడ్లు పొట్టివి కావాలి, అది ఇంజన్ మీదే కొలిచి తెప్పించాలి. వాల్వ్ స్ప్రింగులు గట్టివి, రాకర్ స్టడ్లు సర్దుబాటు చేసుకునే రకం. ఇవన్నీ కలిపితే ఫ్లాట్ ట్యాపెట్ సెట్టు ధరకి చాలా రెట్లు అవుతుంది. ఆ డబ్బు చేదుగానే ఉంటుంది.

కానీ మొదటి స్టార్ట్ రోజు నాకిప్పటికీ గుర్తుంది. అరగంట ఊపిరి బిగబట్టి 2,000 ఆర్‌పీఎం పట్టుకోవడం లేదు. ఆయిల్ ప్రెషర్ చూసుకున్నాం, ఐడిల్‌లో పెట్టి టైమింగ్ సరిచేశాం, కారు తీసుకుని పాల ప్యాకెట్ తేవడానికి వెళ్ళాను. ఆ తర్వాత ఏ ఏప్రిల్‌లో స్టార్ట్ చేసినా, ఆయిల్ పైకెక్కేదాకా కొద్ది క్షణాలు గలగల, అంతే. ఏటా ఫిల్టర్ కోసి చూస్తున్నాను. ఇనప పొడి లేదు. డ్రీమ్ క్రూజ్‌లో ఇప్పుడు కిటికీ దించుకుని, పక్క కారులోవాళ్ళతో మాట్లాడుతూ కూర్చోగలుగుతున్నాను. నా చెవి ఆ టకటక కోసం వెతకడం మానేసింది.

అనుకోని సంతోషం మరొకటి. ఫ్లాట్ ట్యాపెట్ అయితే 0.842 అంగుళాల ఆ అడుగు అంచు లోబులో దిగబడకుండా, వాల్వుని నెమ్మదిగానే ఎత్తాలి. రోలర్‌కి ఆ అడ్డు లేదు. తక్కువ డిగ్రీల్లోనే వాల్వు ఎక్కువ ఎత్తుకి వెళ్ళి త్వరగా మూసుకుంటుంది. అందుకే ఐడిల్‌లో ఇన్‌టేక్‌లోని వాక్యూమ్ 13 అంగుళాల పాదరసం దగ్గర నిలుస్తోంది, దాంతో నడిచే పవర్ బ్రేకులు మామూలుగా పని చేస్తున్నాయి. మా ఆవిడ కూడా నడుపుతుంది. సిగ్నల్ దగ్గర కుదుపులు లేవు, అయినా వింటే లోపల ఏదో పెద్దదే ఉందని తెలుస్తుంది. పాత 400 ఇంజన్‌తో మైలన్‌లో 14 సెకన్లు దిగడం కష్టంగా ఉండేది. ఇప్పుడు అదే టీహెచ్400 ఆటోమేటిక్ గేర్‌బాక్సుకి, కదలకముందే ఇంజన్‌ని 2,800 ఆర్‌పీఎం దాకా లేవనిచ్చే స్టాల్ కన్వర్టర్, వెనక ఇరుసులో 3.55 గేర్లు, పట్టు ఎక్కువున్న డ్రాగ్ రేడియల్ టైర్లతో 12.5 సెకన్ల చుట్టుపక్కల, గంటకి 108 మైళ్ళ వేగంతో దాటుతోంది. 14 లోపు వెళ్తే హెల్మెట్ తప్పనిసరి, అది పెట్టుకుంటాను. 11.49 దాకా వెళ్తే రోల్ బార్ అడుగుతారు. అంత వేగం ఈ కారుతో నాకు అక్కర్లేదు.

అయితే ఆ సెకన్ల ఘనతంతా క్యామ్‌ది అనలేను. 61 క్యూబిక్ అంగుళాలు పెరిగాయి, గేర్లు మారాయి, టైర్లు మారాయి. సింహభాగం వాటిదే. అదే క్యామ్ 400లోనే వేసుంటే ఎంత తగ్గేదో నేను చూడలేదు.

మొదట్లో దీన్ని వేసి మర్చిపోవచ్చని స్నేహితులకి చెప్పాను. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. నాది స్టీలు క్యామ్ కావడంతో డిస్ట్రిబ్యూటర్‌కి కంచు గేరు పెట్టాల్సి వచ్చింది. అది క్యామ్‌ని కాపాడుతూ తాను అరుగుతుంది. మొదటి సీజన్ చివర ఆయిల్‌లో బంగారు రంగు నలుసులు కనబడి గుండె ఆగినంత పనైంది. అప్పట్నుంచి చలికాలంలో డిస్ట్రిబ్యూటర్ పైకి తీసి పళ్ళు చూసి, అవసరమైతే గేరు మారుస్తున్నాను. రోలర్ ట్యాపెట్లు బరువైనవి, 5,600 దాటితే ఇంజన్ వణుకుతున్నట్టు ఉంటుంది. పొడవాటి స్ట్రోక్ ఇంజన్ బలమంతా ఆ లోపే కాబట్టి 5,300కే గేరు మార్చేస్తాను. స్ట్రిప్‌లో గట్టిగా వాడాక ఒక ట్యాపెట్ వేడి మీద చిన్న శబ్దం చేస్తోంది, చల్లబడితే పోతుంది. దాని మీద కన్నేసి ఉంచాను. రోలర్‌లోని సూది బేరింగులు ఊడితే నష్టం ఫ్లాట్ ట్యాపెట్ కన్నా ఎక్కువే ఉంటుంది. స్ప్రింగులు గట్టివి కాబట్టి వాటి బిగువు అప్పుడప్పుడూ కొలవాలి. ఇంకా గట్టి స్ప్రింగులు వేసి సాలిడ్ రోలర్‌కి (హైడ్రాలిక్ దానిలా లోపల ఆయిల్ కుషన్ లేనిది) వెళ్ళాలనుకునేవాళ్ళు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ బ్లాకులో ట్యాపెట్ బోర్ల గోడలు బలహీనం, విరిగిన సందర్భాలున్నాయి, బ్రేస్ వేయించుకోవాలి.

నా మాట మా పరిస్థితికి తగ్గది. ఏడాదిలో సగం నిద్రపోయే కారు, ఎండలో గంటల ఐడిల్, నెలకోసారి స్ట్రిప్. ఇంజన్ ఎలాగూ విప్పుతూ, జేబు ఒప్పుకుంటే రోలర్ వేయించండి. టెక్సస్‌లోనో కాలిఫోర్నియాలోనో ఉండి వారం వారం నడిపేవాళ్ళకి, కొలిచి చూసుకున్న మంచి ట్యాపెట్లూ సరైన ఆయిలూ ఉంటే ఫ్లాట్ ట్యాపెట్ కూడా ఏళ్ళ తరబడి నడవచ్చు. మా స్నేహితుడి ఓల్డ్స్‌మొబైల్ కారు అలాగే నడుస్తోంది. మీ కారులో ఫ్యాక్టరీ క్యామ్ ఇప్పటికీ అదే ట్యాపెట్లతో చప్పుడు లేకుండా తిరుగుతుంటే మాత్రం దాన్ని కదపకండి. తీయక తప్పకపోతే ఏ ట్యాపెట్ ఏ బోరులోదో రాసిపెట్టుకుని, మళ్ళీ దానిలోనే పెట్టండి.