ఉత్సవ విగ్రహం గుడిలోనా, మ్యూజియంలోనా?

మా ఊరు ప్రొద్దుటూరుకు దగ్గరే. పక్క ఊరి గుడి తాళం పగిలిందని విన్నప్పటి నుంచి మా రచ్చబండ దగ్గర ఒకటే చర్చ. మా గుడి పంచలోహ విగ్రహాలను ఇక్కడే ఉంచుదామా, కడపలోని భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియానికి అప్పగిద్దామా?

మ్యూజియంలో కాపలా ఉంటుంది, రిజిస్టరు ఉంటుంది. కానీ ప్రభుత్వం చేతిలో ఉన్నదంతా భద్రమేనని నేను నమ్మను. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి చోరీ అయిన సున్నపురాతి ఫలకం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. అది చందవరానిదేనని పాత ఫొటోలు తేల్చబట్టే 2016లో వెనక్కి వచ్చింది.

గుడి సంగతీ చూద్దాం. తమిళనాడులోని శ్రీపురంతాన్‌లో 2006లో నటరాజ విగ్రహం పోయింది. భద్రమైన చోటికి తరలిద్దామని 2008లో అధికారులు వచ్చి తలుపు తీసేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. కారణం, ఆ గుడిలో పూజలు ఆగిపోయాయి. అది కూడా అదే గ్యాలరీకి చేరి 2014లో తిరిగొచ్చింది. దాన్ని గుర్తించడానికి పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ దగ్గరున్న పాత ఫొటోలు ఉపయోగపడ్డాయి.

రోజూ దీపం వెలిగే గుడిలో దొంగతనం తెల్లవారేసరికి బయటపడుతుంది. నకిలీ సంగతి మాత్రం వేరు. పట్టుబట్టలు, దండలు వేశాక అమ్మవారి ముఖం తప్ప ఏమీ కనిపించదు. లోపల వేరే బొమ్మ నిలబెట్టినా అభిషేకం చేసే చేతికి తప్ప మనకెవరికీ తెలియదు. మైనపు పద్ధతిలో, అంటే మైనపు బొమ్మ చుట్టూ మట్టి అచ్చు కట్టి, మైనం కరిగించి ఆ ఖాళీలో లోహం పోసి చేసిన విగ్రహాన్ని అచ్చు పగలగొట్టి తీస్తారు కనుక ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. మా అమ్మవారి ఎడమ చిటికెన వేలు కొస విరిగింది. పీఠం వెనక గోరంత నొక్కు ఉంది. తరాల అభిషేకాలకు ముక్కు అరిగి నునుపెక్కింది. ఆవిడ ఆనవాళ్లు అవే, వాటిని కాగితం మీద పెట్టినవారే లేరు.

పూజ ఆగిన గుడి విగ్రహమైతే మ్యూజియానికే ఇవ్వాలి, అందులో నాకు రెండో మాట లేదు. పూజ నడిచే గుడిదైతే ఊళ్లోనే ఉండాలి, కానీ ఫొటో లేకుండా కాదు. 1972 పురావస్తు చట్టం కింద నమోదు చేయించడానికైనా ముందు కావాల్సింది ఆ ఫొటోలే.

పూజారి గారు ఒప్పుకున్నారు. వచ్చే పౌర్ణమికి అలంకారం తీసి అభిషేకం మొదలుపెట్టేలోపు స్కేలు పక్కన పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీస్తాం. చిటికెన వేలిని విడిగా, మరీ దగ్గర నుంచి.