సామర్లకోట, బిక్కవోలు, ద్రాక్షారామం ఒకరోజు కారు టూరు: గైడ్ బంగారం, టైమింగే బాగాలేదు

మాది మండపేట. ఇళ్లు కట్టించడం నా పని. ఏ గుడికెళ్లినా నా కళ్లు ముందు పునాది మీదికే పోతాయి. కాకినాడలో ఒక ట్రావెల్స్ వాళ్లు తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు ఒక్క రోజులో చూపిస్తామంటే నేను, మా ఆవిడ, మా అత్తగారు వెళ్లాం. మనిషికి 1,200 రూపాయలు. కారు, గైడ్ వాళ్లవి, భోజనం ఖర్చు మనది.

గైడ్ చరిత్రలో ఎమ్మే చేసిన కుర్రాడు. సామర్లకోట కుమారారామంలో మమ్మల్ని ముందు కింది గదికి తీసుకెళ్లి లింగం మొదలు చూపించాడు. "ఇప్పుడు పైకి పదండి బాబాయ్ గారూ" అన్నాడు. తెల్లటి సున్నపురాయి లింగం కింద మొదలై పై అంతస్తులోకి వస్తుంది, పూజలు పైన చేస్తారు. లింగం అంత ఎత్తు కాబట్టి గర్భగుడి రెండంతస్తులు కట్టారు. 892 నుంచి 922 దాకా ఏలిన చాళుక్య భీముడు కట్టించిన గుడి ఇది. మెట్ల దగ్గర మా అత్తగారి చెయ్యి పట్టుకుని నడిపించింది కూడా ఆ అబ్బాయే.

బిక్కవోలు ఊళ్లో గోలింగేశ్వరుణ్ణి చూసి, పెద్ద ఏకశిలా వినాయకుడి దగ్గరికి వెళ్లాం. అక్కడ కోరిక చెవిలో చెప్పుకుంటారు. మా అత్తగారు చాలాసేపే చెప్పుకున్నారు.

అసలు నేను చూడాలనుకున్నవి ఊరి బయట చేలల్లో ఉన్న మూడు గుళ్లు. జనం రారు, హారతి ఉండదు. గోడల్లో కోష్ఠాలు, అంటే విగ్రహాలు పెట్టే గూళ్లు, వాటి మీద మకర తోరణాలు, అంటే మొసలి లాంటి మకరాలు చెక్కిన కమానులు, పైన ఒక్కో అంతస్తుకీ కొలత తగ్గించుకుంటూ లేపిన విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం. మా వైపు మెత్తటి నేలలో రెండంతస్తుల ఇల్లు కట్టాలంటే పిల్లర్ ఎంత లోతుకి దింపాలా అని నాకు ఇప్పటికీ టెన్షనే. సిమెంటు లేని 9వ శతాబ్దంలో ఇదే డెల్టాలో వాళ్లు ఇంత బరువు ఎత్తి నిలబెట్టారు. గోడ చుట్టూ తిరిగి మూలలన్నీ తడిమి చూశాను. అది కట్టిన మేస్త్రీలెవరో, వాళ్లకి నా దండం.

తూర్పు చాళుక్య రాజు రెండో విజయాదిత్యుడు 108 యుద్ధాలు చేసి 108 శివాలయాలు కట్టించాడని శాసనాల్లో ఉందట. ఇవి వాటిలోవేనా అని అడిగాను. "రుజువు లేకుండా అవునని చెప్పలేనండి" అన్నాడు ఆ కుర్రాడు. ఆ మాటతో అతని మీద నాకు గౌరవం పెరిగింది.

ఇంత మంచి చోటికి మమ్మల్ని తీసుకెళ్లింది మిట్టమధ్యాహ్నం! ఎండ నడినెత్తిన ఉంటే శిల్పంలో లోతు తెలీదు. పక్క నుంచి వెలుగు పడాలి. పైగా డ్రైవరు అరగంటకే హారన్ కొట్టాడు. డబ్బు తీసుకుని ఇలా తొందరపెట్టడం తప్పు.

ద్రాక్షారామం సాయంత్రం చూశాం, జనం బాగా ఉన్నారు. అక్కడి రాళ్ల మీద వందల శాసనాలున్నాయి. ఆరకుండా వెలిగే దీపం కోసం గొర్రెల్ని దానమిచ్చిన సంగతి గైడ్ చెబితే మా ఆవిడ మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంది.

నా సలహా: పొద్దున్నే బిక్కవోలు చేలతో మొదలుపెట్టి, తలుపులు మూసేలోపు సామర్లకోట, భోజనం అయ్యాక ద్రాక్షారామం పెట్టుకోండి. తర్వాత ఫోన్ చేసి అడిగితే, బుకింగ్ అప్పుడే చెబితే అలాగే తిప్పుతామన్నారు. నాలుగు స్టార్లు ఇస్తున్నాను, అవన్నీ గైడ్‌కే. పెద్దవాళ్లుంటే గొడుగు, నీళ్లు తీసుకెళ్లండి. ఆ మూడు గుళ్ల దాకా కారు పోదు, గట్టు మీద నడవాలి.