పురుషుల ప్రపంచ కర్లింగ్: విజేతను తేల్చడానికి ఏ పద్ధతి మేలు?

పురుషుల ప్రపంచ కర్లింగ్ పోటీలో ఇప్పుడు 13 దేశాల జట్లు పాల్గొంటున్నాయి. ప్రతి జట్టూ మిగిలిన పన్నెండింటితో ఒక్కొక్క మ్యాచ్ ఆడుతుంది కనుక, లీగ్ దశ ముగిసేసరికి ఎవరు ఎంతటివారో చాలావరకు తేలిపోతుంది. అయినా పతకాలు అక్కడితో పంచరు. పై స్థానాల్లో నిలిచిన కొన్ని జట్లకు మళ్లీ పోటీ పెట్టి, ఆ కొద్దిపాటి మ్యాచ్‌ల ఫలితాన్నిబట్టి విజేతను ప్రకటిస్తారు. ఈ చివరి ఘట్టాన్ని నడిపే తీరు అన్ని పోటీల్లోనూ ఒకటి కాదు. ఒలింపిక్స్‌లో మొదటి నాలుగు జట్లు నేరుగా సెమీఫైనల్స్ ఆడతాయి. ప్రపంచ పోటీలో 2017 వరకు అదే నాలుగు జట్లను వేరే క్రమంలో ఆడించే పేజ్ పద్ధతి ఉండేది. 2018 నుంచి ఆరు జట్లకు ప్లేఆఫ్ అవకాశం ఇస్తున్నారు. లీగ్ దశలో బాగా ఆడిన జట్టుకు దక్కవలసిన ప్రయోజనం ఈ మూడింటిలో దేనివల్ల దక్కుతుందని చూస్తే, పక్కన పెట్టేసిన పేజ్ పద్ధతే మేలని నా అభిప్రాయం.

పద్ధతుల్లోకి వెళ్లేముందు ఆట స్వభావాన్ని కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే న్యాయాన్యాయాల చర్చ అంతా దానిమీదే ఆధారపడి ఉంది. దాదాపు 20 కిలోల బరువుండే గ్రానైట్ రాళ్లను సుమారు 45 మీటర్ల పొడవైన మంచుబాటపై జార్చి, అవతలి చివర గీసిన వలయాల కేంద్రానికి వీలైనంత దగ్గరగా నిలపడమే ఈ ఆట. జట్టుకు నలుగురు ఆటగాళ్లు. ఒక్కొక్కరు రెండేసి రాళ్ల చొప్పున జట్టుకు ఎనిమిది రాళ్లు వేస్తే ఒక ఎండ్ పూర్తవుతుంది. అలాంటి ఎండ్‌లు మ్యాచ్‌కు పది. ప్రతి ఎండ్‌లోనూ ఆఖరి రాయి ఎవరి చేతిలో ఉంటుందో వారిది పైచేయి; ఆ హక్కునే హ్యామర్ అంటారు. పాయింట్లు సాధించిన జట్టు తరువాతి ఎండ్‌లో హ్యామర్‌ను వదులుకోవాలి. మంచుమీద చల్లిన నీటిబొట్లు గడ్డకట్టి ఏర్పడిన గరుకుదనం మ్యాచ్ సాగుతున్నకొద్దీ అరిగిపోతుంది, రాయి వంపు తిరిగే తీరు మారుతుంది, రాయి అడుగున చిన్న వెంట్రుక చిక్కుకున్నా అది దారి తప్పుతుంది. అందువల్ల ఎంత గొప్ప జట్టుకైనా ఒక మ్యాచ్ చేజారడం ఈ ఆటలో అసాధారణం కాదు. ఒకే ఒక్క ఓటమితో జట్టును ఇంటికి పంపే ఏ పద్ధతినైనా ఈ దృష్టితోనే తూచాలి.

అలాగైతే ప్లేఆఫ్‌లే లేకుండా, లీగ్‌లో మొదటి స్థానం పొందిన జట్టునే విజేతగా ప్రకటించవచ్చు కదా అనే ప్రశ్న వస్తుంది. 2017లో ఎడ్మంటన్‌లో కెనడా జట్టు బ్రాడ్ గుషూ నాయకత్వంలో లీగ్ దశలోని 11 మ్యాచ్‌లూ, ఆపైన రెండూ గెలిచి అజేయంగా నిలిచింది. అలాంటి ఏడాదిలో ప్లేఆఫ్ అనవసరమే. కానీ అన్ని ఏళ్లూ అలా ఉండవు. 2005లో విక్టోరియాలో ఆరు జట్లు సరిగ్గా ఎనిమిదేసి విజయాలు, మూడేసి ఓటములతో మొదటి స్థానంలో సమంగా నిలిచాయి. దానికితోడు, ఎటూ పైకి రాలేని జట్లు ఆఖరి రోజుల్లో ఆడే మ్యాచ్‌లు విజేత ఎవరన్నది తేల్చేస్తే అది మరో రకమైన అన్యాయం. కాబట్టి ఈ మార్గాన్ని ఇంతటితో వదిలేయవచ్చు.

ఒలింపిక్ పద్ధతి అర్థం చేసుకోవడానికి అన్నిటికంటే సులువు. పది జట్లు, ఒక్కొక్కదానికి తొమ్మిది మ్యాచ్‌లు, మొదటి నాలుగు జట్లకు సెమీఫైనల్స్, ఆ తరువాత పతకాల మ్యాచ్‌లు. నాలుగేళ్లకొకసారి మాత్రమే కర్లింగ్ చూసే ప్రేక్షకుడికి ఇంతకంటే స్పష్టమైనది దొరకదు. అయితే మొదటి స్థానానికీ నాలుగో స్థానానికీ ఇక్కడ ఉన్న తేడా చాలా కొద్ది. మెరుగైన స్థానంలో ఉన్న జట్టుకు మొదటి ఎండ్‌లో హ్యామర్ దక్కుతుంది, ప్రత్యర్థి కాస్త బలహీనమైనది కావచ్చు, అంతే. 2014 సోచీ ఒలింపిక్స్‌లో నిక్లాస్ ఎడీన్ నాయకత్వంలోని స్వీడన్ తొమ్మిదింటిలో ఎనిమిది గెలిచి అగ్రస్థానంలో నిలిచింది. డేవిడ్ మర్డాక్ నాయకత్వంలోని బ్రిటన్ ఐదు గెలిచి నాలుగు ఓడి, నార్వేతో టైబ్రేకర్ (సమంగా నిలిచిన జట్ల మధ్య పెట్టే అదనపు మ్యాచ్) ఆడి, ఆఖరి రాయితో గట్టెక్కి నాలుగో స్థానం సంపాదించింది. సెమీఫైనల్లో ఈ బ్రిటనే స్వీడన్‌ను 6-5తో ఓడించింది. ఎనిమిది విజయాల జట్టు ఒకే ఒక్క పాయింటు తేడాతో కాంస్యానికి పరిమితమైంది. బ్రిటన్ ఫైనల్లో కెనడా చేతిలో 9-3తో ఓడింది.

నాలుగేళ్ల తరువాత ప్యాంగ్‌చాంగ్‌లో ఇంకా విచిత్రం జరిగింది. జాన్ షూస్టర్ సారథ్యంలోని అమెరికా జట్టు మొదటి ఆరు మ్యాచ్‌లలో నాలుగు ఓడిపోయింది. మిగిలిన మూడూ గెలిచి, 5-4 రికార్డుతో సెమీస్‌కు చేరి, కెనడాను ఓడించి, ఫైనల్లో ఎనిమిదో ఎండ్‌లో ఒకేసారి ఐదు పాయింట్లు సాధించి స్వీడన్‌ను 10-7తో ఓడించి స్వర్ణం గెలుచుకుంది. చూసేవాళ్లకు అదొక పండగ, అందులో సందేహం లేదు. షూస్టర్ బృందం గెలుపును తక్కువ చేయవలసిన అవసరమూ లేదు. నియమాలు ఎలా ఉన్నాయో అలాగే ఆడి గెలిచారు. కానీ లీగ్ దశలో ఏడు మ్యాచ్‌లు గెలిచి మొదటి స్థానంలో ఉన్న స్వీడన్‌కు ఆ స్థానంవల్ల ఒరిగినదేమిటని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. మన పాఠకులకు ఇలాంటిది కొత్త కాదు. 2009 ఐపీఎల్‌లో డెక్కన్ ఛార్జర్స్ లీగ్ దశలో ఏడు గెలిచి ఏడు ఓడి నాలుగో స్థానంలో నిలిచింది. సెమీస్‌లో అగ్రస్థానంలో ఉన్న ఢిల్లీని ఓడించి, ఆపైన కప్పు పట్టుకొచ్చింది. హైదరాబాదులో సంబరాలు జరుగుతున్నప్పుడు ఢిల్లీ అభిమాని బాధ మనకు పట్టలేదు.

ఐపీఎల్ 2011లో మార్చుకున్న పద్ధతి, ప్రపంచ కర్లింగ్‌లో 2017 వరకు ఉన్న పద్ధతి నిజానికి ఒక్కటే. 1931లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్‌లో మొదలైన ఈ ఏర్పాటుకు పెర్సీ పేజ్ అనే నిర్వాహకుడి పేరు పెట్టారు. క్వాలిఫయర్-1, ఎలిమినేటర్, క్వాలిఫయర్-2 అనే మాటలు తెలిసినవారికి దీన్ని వివరించవలసిన పని లేదు. మొదటి రెండు జట్లు తమలో తాము ఆడతాయి, గెలిచినది నేరుగా ఫైనల్‌కు వెళ్తుంది, ఓడినదానికి మూడు-నాలుగు స్థానాల మ్యాచ్ విజేతతో ఆడే సెమీఫైనల్ రూపంలో మరొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల జట్లకు మాత్రం ఓడితే టైటిల్ ఆశ ముగిసినట్టే. కింది జట్లకు దారి మూసుకుపోలేదు, దాని పొడవు పెరిగింది అంతే. 2016లో సన్‌రైజర్స్ మూడో స్థానం నుంచి కోల్‌కతాను, గుజరాత్‌ను, బెంగళూరును వరుసగా ఓడించి కప్పు గెలిచింది. వరుసగా మూడు మ్యాచ్‌లు గెలవవలసి వచ్చిన ఆ విజయానికీ, రెండు మ్యాచ్‌లతో వచ్చిన 2009 విజయానికీ మధ్య ఉన్న తేడాలోనే రెండు పద్ధతుల తేడా కనిపిస్తుంది.

చిన్న లెక్క వేస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ప్లేఆఫ్‌లో ప్రతి మ్యాచ్‌లోనూ రెండు జట్లకూ గెలుపు అవకాశం సమానమే అనుకుందాం. నేరుగా సెమీఫైనల్స్ ఆడించే పద్ధతిలో నాలుగు జట్లలో ఒక్కొక్కదానికి టైటిల్ అవకాశం 25 శాతం. పేజ్ పద్ధతిలో మొదటి రెండు జట్లకు 37.5 శాతం చొప్పున, మూడు, నాలుగు స్థానాల జట్లకు 12.5 శాతం చొప్పున వస్తుంది. ఇక ఇప్పటి ఆరు జట్ల పద్ధతిలో మూడో జట్టు ఆరో జట్టుతో, నాలుగో జట్టు ఐదో జట్టుతో ఆడి గెలిచినవి సెమీస్‌కు వస్తాయి. మొదటి రెండు జట్లు అప్పటికే సెమీస్‌లో కూర్చుని ఉంటాయి. దీని ప్రకారం మొదటి రెండింటికి 25 శాతం చొప్పున, మిగిలిన నాలుగింటికి 12.5 శాతం చొప్పున అవకాశం ఉంటుంది.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కనిపించేది ఆశ్చర్యకరమైన విషయమే. ఆరు జట్ల పద్ధతిలో మొదటి రెండు జట్లకు నేరుగా సెమీఫైనల్ ప్రవేశం ఇస్తున్నామని, అదే వాటికి బహుమానమని చెబుతారు. నిజానికి ఒలింపిక్ పద్ధతిలో ఉన్న 25 శాతమే ఇక్కడా ఉంది, అర శాతం కూడా పెరగలేదు. మూడు, నాలుగు స్థానాల జట్ల నుంచి సగం అవకాశం తీసుకుని ఐదు, ఆరు స్థానాల జట్లకు పంచిపెట్టడమే ఇందులో జరిగింది. అగ్రస్థానంలోని జట్టు నిజంగానే బలమైనదై, ఎవరితో ఆడినా నూటికి అరవై సార్లు గెలుస్తుందనుకుంటే తేడా మరింత పెరుగుతుంది: మిగతా రెండు పద్ధతుల్లోనూ దాని అవకాశం 36 శాతం దగ్గరే ఆగిపోగా, పేజ్ పద్ధతిలో 50 శాతం దాటుతుంది. పన్నెండు మ్యాచ్‌ల శ్రమకు విలువ ఇవ్వడమంటే నా దృష్టిలో ఇదీ.

ఆరు జట్ల పద్ధతిని సమర్థించేవారి వాదనలో బలం లేదని కాదు. పదమూడు జట్లున్న పోటీలో నాలుగు స్థానాలకే ప్లేఆఫ్ పరిమితమైతే, లీగ్ సగం దాటేసరికి చాలా జట్లకు ఆడటానికి ఏమీ మిగలదు. ఆరో స్థానం కూడా విలువైనదైతే మధ్యస్థాయి దేశాలు చివరి రోజు వరకు ఆశతో ఆడతాయి, చివరి మ్యాచ్‌లు నామమాత్రంగా మారవు. కెనడా, స్వీడన్, స్కాట్లండ్, స్విట్జర్లండ్ వంటి దేశాల్లో ఈ ఆటకు బలమైన పునాది ఉంది. అది లేని దేశంలో ప్లేఆఫ్‌కు చేరామన్న వార్త క్రీడాసంఘానికి నిధులు తేగలదు, పిల్లలను రింక్ వైపు నడిపించగలదు. ఆటను విస్తరింపజేయవలసిన ప్రపంచ సమాఖ్యకు ఇది చిన్న లాభమేమీ కాదు. అందుకే 2018లో జట్ల సంఖ్యను 12 నుంచి 13కు పెంచుతూ ఈ మార్పు తేవడాన్ని అర్థం చేసుకోగలను. ఆ లాభం కోసం విజేతను ఎంచే పద్ధతిని కాస్త బలహీనపరచారన్న సంగతిని మాత్రం దాచకూడదు.

దీనికి ఎదురుగా ఒక గట్టి అభ్యంతరం రావచ్చు. పద్ధతి అంత లోపభూయిష్టమైనదైతే, ఎడీన్ అన్ని టైటిళ్లు ఎలా గెలిచాడు? ఆయన జట్టు గెలిచిన ఏడు ప్రపంచ టైటిళ్లలో 2013, 2015 టైటిళ్లు పేజ్ కాలంలోనివి. 2018, 2019, 2021, 2022, 2024 టైటిళ్లు ఆరు జట్ల పద్ధతిలో వచ్చినవే. 2018 నుంచి 2025 వరకు, రద్దయిన 2020 పోటీని మినహాయిస్తే, ప్రతిసారీ స్వీడన్ గానీ, బ్రూస్ మవాట్ నాయకత్వంలోని స్కాట్లండ్ గానీ విజేతగా నిలిచింది. అనామకులెవరూ కప్పు ఎత్తుకుపోలేదు. ఇది నిజమే. కానీ ఏడు పోటీల ఫలితాలనుబట్టి పద్ధతి మంచిదనడంకంటే, ఆ రెండు జట్లు పద్ధతిని కూడా అధిగమించేంత గొప్పవని అనడం సబబు. అదే ఎడీన్‌కు ఒలింపిక్ స్వర్ణం 2022 వరకు అందలేదన్నదీ గుర్తుంచుకోవాలి; ఆ ఏడాది బీజింగ్‌లో ఎనిమిది విజయాలతో అగ్రస్థానంలో నిలిచి, ఫైనల్లో ఎడీన్ జట్టుతో అదనపు ఎండ్ దాకా పోరాడి 5-4తో ఓడిన వంతు, ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున ఆడిన మవాట్‌ది. ఆ ఓటమి వచ్చింది ఫైనల్లో కనుక పేజ్ పద్ధతి కూడా మవాట్‌ను ఆదుకునేది కాదు. సోచీలో స్వీడన్‌కు మాత్రం అది మరొక మ్యాచ్ ఇచ్చి ఉండేది.

పేజ్ పద్ధతికీ లోపాలున్నాయి, వాటిలో ఒకటి పెద్దది. రెండో స్థానానికీ మూడో స్థానానికీ మధ్య గీసే గీత ఇందులో చాలా లోతైనది. ఇటువైపున్న జట్టుకు రెండు ప్రాణాలు, అటువైపున్న జట్టుకు ఒకటే. రెండు జట్లు సమాన విజయాలతో నిలిచి, తమలో తాము ఆడిన మ్యాచ్ కూడా తేల్చలేనప్పుడు, ఇప్పుడు టైబ్రేకర్ ఆడించకుండా, ప్రతి మ్యాచ్‌కు ముందు హ్యామర్ ఎవరిదో తేల్చడానికి వేసే రాళ్లు కేంద్రానికి ఎంత దూరంలో ఆగాయో చూసి, ఆ సెంటీమీటర్ల సగటునుబట్టి స్థానాలు ఇస్తున్నారు. అంతటి లోతైన గీతను సెంటీమీటర్లతో గీయడం భావ్యం కాదు. పేజ్ పద్ధతిని తిరిగి తెస్తే, రెండో స్థానం దగ్గరా నాలుగో స్థానం దగ్గరా సమానత్వం ఏర్పడినప్పుడు మాత్రం టైబ్రేకర్ మ్యాచ్‌నూ తిరిగి తేవాలి. మిగతా స్థానాలకు సెంటీమీటర్లు చాలు.

ఇంకొక లోపం కాంస్య పతకానికి సంబంధించినది. పేజ్ కాలంలో ఈ మ్యాచ్ సెమీస్‌లో ఓడిన జట్టుకూ, మూడు-నాలుగు స్థానాల మ్యాచ్‌లో ఓడిన జట్టుకూ మధ్య జరిగేది. మూడో స్థానంలోని జట్టు నాలుగో జట్టును ఓడించి సెమీస్‌కు వెళ్లి అక్కడ ఓడిందనుకుంటే, అంతకుముందే తాను ఓడించిన అదే జట్టుతో మళ్లీ ఆడాలి. రెండోసారి ఓడితే పతకమే పోతుంది. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగి రెండో జవాబును మాత్రమే లెక్కలోకి తీసుకున్నట్టు ఉంటుందది. దీనికి పరిష్కారం కష్టమైనది కాదు: సెమీస్‌లో ఓడిన జట్టుకే కాంస్యం ఇచ్చి ఆ మ్యాచ్‌ను ఎత్తివేయవచ్చు. టెలివిజన్‌కు ఒక మ్యాచ్ తగ్గుతుంది, ఫైనల్‌కు ముందు ఉదయం ఖాళీగా ఉంటుంది. ఆ లోటును టైబ్రేకర్ల అవసరం పడిన సంవత్సరాల్లో అవే భర్తీ చేస్తాయి. పడని సంవత్సరాల్లో నిర్వాహకులు కొంత ఆదాయం వదులుకోవలసి ఉంటుంది.