ఇన్‌స్టాలో తిరుగుతున్న ఆ డ్రోన్ నెట్‌వర్క్ కిట్ కొనకండి, నా 1,850 రూపాయలు పోయాయి

షాడోరన్ (టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్ర వేసుకుని ఆడే ఆట) ఐదో ఎడిషన్ ఆడేవాళ్ళు, ముఖ్యంగా టేబుల్‌లో రిగ్గర్ (డ్రోన్లు నడిపే పాత్ర) ఉన్నవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. నల్లడబ్బా, దాని మీద పింక్ నియాన్ అక్షరాలు, లోపల ఒక చిన్న పుస్తకం, నలభై కార్డులు, ఒక మ్యాప్, "సెక్యూర్ డ్రోన్ నెట్‌వర్క్ పది నిమిషాల్లో సెటప్" అని రీల్ వేసి మరీ అమ్ముతున్నారు కదా, అది కొన్న మహానుభావుల్లో నేనొకణ్ణి. పేజీ పేరు ఇక్కడ రాయను, గొడవ ఇంకా నడుస్తోంది, కానీ డబ్బా చూస్తే మీరే గుర్తుపడతారు.

ఎందుకు కొన్నానంటే, బద్ధకం. ఈ ఆటలో డ్రోన్ల రూల్స్ ఒకచోట ఉండవు, కొన్ని మ్యాట్రిక్స్ (ఆటలోని ఇంటర్నెట్) చాప్టర్లో, కొన్ని రిగ్గర్ చాప్టర్లో, మిగతావి ఎక్కడెక్కడో, జీఎమ్‌గా (ఆట నడిపేవాడిగా) కూర్చున్నవాడికి పేజీలు తిప్పడంతోనే సాయంత్రం అయిపోతుంది. ఎవడో అన్నీ కార్డుల మీద పెట్టాడంటే ఎగిరి గంతేశాను. యూపీఐ కొట్టాను, వారంలో కొరియర్ వచ్చింది, ప్రింటింగ్ చూస్తే నిజంగా బాగుంది, అక్కడే పడిపోయాను.

మాది ఎంవీపీ కాలనీలో మేడ మీద గది, ఆదివారం ఆట, ఐదుగురం. పుస్తకంలో ఉన్న సియాటిల్ మాకెందుకులే అని కథంతా వైజాగ్‌లోనే పెట్టుకున్నాం. ఆ రోజు టీమ్ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపల దాక్కుని, అక్కడినుంచి రెండు ఫ్లై-స్పై (బుల్లి గూఢచారి) డ్రోన్లని ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న కోల్డ్ స్టోరేజీ మీదకి పంపాలి. కార్డు చూశాను, "ఒకే నగరంలో ఉంటే నాయిస్ సున్నా" అని ఉంది (నాయిస్ అంటే వైర్‌లెస్ సిగ్నల్‌కి అడ్డుపడే గోల). సరే పోనీ అని రెండు గంటలు నడిపేశాను.

మా డెక్కర్ (హ్యాకర్ పాత్ర) ఆడే కుర్రాడు గాజువాక నుంచి వస్తాడు, బస్సులో కూడా రూల్ బుక్కే చదువుతాడు. వాడు మిరపకాయ బజ్జీ తింటూ తాపీగా "అన్నా, నాయిస్ ఏదీ?" అన్నాడు. బుక్ తీశాం. వంద మీటర్ల దాకా సున్నా, అది దాటి కిలోమీటర్ దాకా 1, కిలోమీటర్ నుంచి పది దాకా 3, పది నుంచి వంద దాకా 5, ఆ పైన 8. నగరం గిగరం అని ఎక్కడా లేదు. కురుసుర నుంచి హార్బర్‌కి కిలోమీటర్ ఎప్పుడో దాటిపోతాం కాబట్టి 3, పైగా హార్బర్ అంతా యాడ్స్ గోల అని నేనే ముందు వర్ణించి చచ్చాను కాబట్టి స్పామ్ జోన్‌కి ఇంకో 1, మొత్తం 4. ఫ్లై-స్పై పైలట్ (డ్రోన్ సొంత బుర్ర) 3, డ్రోన్‌కి డివైస్ రేటింగ్ అంటే అదే, నాయిస్ రేటింగ్‌ని దాటిందంటే వైర్‌లెస్ కట్. అంటే రెండు గంటలుగా మావాడు నడిపిన డ్రోన్లు అసలు వాడి మాట వినే స్థితిలోనే లేవు!

రిగ్గర్ ఆడేది మా బావమరిది, వాడు మొండికేశాడు, "నా కన్సోల్‌కి నాయిస్ రిడక్షన్ 4 ఉంది బావా, కార్డులో చూడు" అని. కార్డులో ఉన్నమాట నిజమే, రేటింగ్ 4 ఆర్‌సీసీకి (డ్రోన్లని నడిపే ఆ కన్సోల్‌కే ఆ పేరు) నాయిస్ రిడక్షన్ 4, షేరింగ్ కూడా 4 అని రెండూ ఫుల్లుగా వేసేశారు. అసలు రూల్ ప్రకారం ఆ రెండూ కలిపి 4 దాటకూడదు, ఒకటి పెంచితే రెండోది తగ్గాలి. వాడు కార్డు నమ్మి షేరింగ్‌లో నాలుగు ఆటోసాఫ్ట్‌లు (డ్రోన్లకి పంచే ప్రోగ్రామ్‌లు) నింపేశాడు, ఇక రిడక్షన్‌కి మిగిలింది గుండుసున్నా. క్యారెక్టర్ దగ్గరున్న న్యుయెన్ (ఆటలో డబ్బు) మొత్తం ఆ కన్సోల్‌కే తగలేశాడు పాపం.

ఇవి లెక్కల తప్పులు, సర్దుకోవచ్చు. నాకు ఒళ్ళు మండింది సెక్యూరిటీ కార్డు చూసి. "డ్రోన్లన్నీ ఆర్‌సీసీకి స్లేవ్ చేస్తే ఎవడూ ముట్టుకోలేడు" అట. స్లేవ్ చేస్తే, అంటే దాని కింద కట్టేస్తే, ఆర్‌సీసీ ఫైర్‌వాల్ డ్రోన్లని కాస్తుంది, అంతవరకు ఓకే. కానీ ఎవడైనా డ్రోన్‌ని చేత్తో పట్టుకుని కేబుల్ గుచ్చాడంటే ఆ కాపలా పనిచెయ్యదు, డ్రోన్ సొంత రేటింగ్స్‌తోనే తట్టుకోవాలి, పైగా స్లేవ్ మీద మార్క్ (హ్యాకర్ లోపలికి దూరడానికి వేసే గుర్తు) పడితే మాస్టర్ మీద కూడా పడుతుంది. అంటే ఒక్క బుల్లి డ్రోన్ దొరికితే చాలు, కన్సోల్ దాకా దారి దొరికినట్టే. ఈ విషయం పుస్తకంలో ఒక్క లైన్ లేదు. మా ఆటలో ఏమైందంటే, సిగ్నల్ పోయి గాల్లో బిక్కమొహం వేసుకుని తిరుగుతున్న ఒక డ్రోన్‌ని హార్బర్ కాపలావాళ్ళు చేపల వల విసిరి పట్టుకున్నారు (అది నా ఐడియానే, కొంచెం గర్వంగానే ఉంది), వాళ్ళ డెక్కర్ కేబుల్ పెట్టాడు, ఇక మా బావమరిది వారం రోజులు నాతో మాట్లాడలేదు.

తర్వాత తీరిగ్గా చూస్తే అర్థమైంది, కార్డుల్లో సగం నాలుగో ఎడిషన్ నుంచి ఎత్తినవి. ఆరు కార్డుల మీద "సిగ్నల్", "రెస్పాన్స్" అని అట్రిబ్యూట్స్ ఉన్నాయి, అవి 2005లో వచ్చిన నాలుగో ఎడిషన్‌వి, 2013లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో అవి లేవు, అటాక్, స్లీజ్, డేటా ప్రాసెసింగ్, ఫైర్‌వాల్ ఉంటాయి. డబ్బా మీద మాత్రం "ఐదో ఎడిషన్‌కి పక్కా" అని స్టిక్కర్. కాబట్టి ఇలాంటిదేదైనా కొనేముందు నాయిస్ కార్డు ఫోటో పంపమని అడగండి, దాంట్లో దూరాల పట్టిక లేకపోయినా, ఎక్కడైనా సిగ్నల్ రేటింగ్ అని కనపడినా అక్కడితో వదిలేయండి.

అమ్మినవాడికి ఫోటోలతో సహా మెసేజ్ పెట్టాను. మొదట "హౌస్ రూల్ (ఎవరి టేబుల్‌కి వాళ్ళు పెట్టుకునే సొంత రూల్) అనుకోండి బ్రో" అన్నాడు, గట్టిగా అడిగితే సీల్ తీశారు కాబట్టి రిఫండ్ లేదన్నాడు. సీల్ తియ్యకుండా లోపల తప్పులు ఎలా కనపడతాయి నాయనా? ఆ తర్వాత బ్లాక్. 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి కంప్లైంట్ ఇచ్చాను. నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే బిల్లు అడగలేదు, డబ్బులు వెళ్ళింది కూడా ఎవరిదో పర్సనల్ నంబర్‌కి.

మీలో ఎవరైనా ఇప్పటికే కొనుంటే ఆ రీల్, చాట్, పేమెంట్ అన్నీ ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, నేను వేరే ఐడీతో పెట్టిన కామెంట్ రెండుసార్లు లేపేశారు, రీల్ కూడా ఎన్నాళ్ళు ఉంచుతారో.